జీఐ 51: ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబు?

హైదరాబాద్‌లో కాస్త పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్తే బియ్యం వరసలో ఇప్పుడు ‘షుగర్ ఉన్నవాళ్ల బియ్యం’ రెండు మూడు రకాలు కనిపిస్తాయి. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘లో జీఐ’ అని ఉంటుంది, అంటే తిన్నాక రక్తంలో గ్లూకోజ్‌ను తక్కువగా పెంచుతుందని. పక్కనే 51 అనో 54 అనో ఒక అంకె. ధర మామూలు సన్నబియ్యం కంటే ఎక్కువే. కొనేవాళ్లలో చాలామంది లెక్క ఒక్కటే: ఈ బియ్యం షుగర్ పెంచదు కాబట్టి ఇక భయం లేకుండా కడుపునిండా తినొచ్చు.

ఆ 51 అబద్ధమేమీ కాదు. లేబొరేటరీలో ఒక పద్ధతి ప్రకారం, ఒక ప్రశ్న అడిగితే వచ్చిన జవాబు అది. కాకపోతే అంకె ప్యాకెట్ మీదకు ఎక్కేసరికి ప్రశ్న దారిలో ఎక్కడో రాలిపోయింది. ఎంత తినొచ్చు, దేంతో కలిపి తినాలి, నా ఒంటికి పడుతుందా అని ఆ లేబొరేటరీలో ఎవరూ అడగలేదు. తిండి గురించి మనకున్న గందరగోళంలో పెద్ద వాటా ఇక్కడే పుడుతుందని నా అనుమానం. గుడ్డు మంచిదా కాదా, నెయ్యి వేసుకోవాలా మానాలా అని ఆరు నెలలకోసారి మాట మారుస్తున్నారని శాస్త్రజ్ఞుల మీద విసుక్కుంటాం. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఒక ప్రశ్న కోసం కొలిచిన అంకెను తెచ్చి ఇంకో ప్రశ్నకు జవాబని మనకు అంటగడతారు. మనమూ తీసుకుంటాం.

పది మంది, ఒక పరగడుపు

ముందు ఆ 51 ఎలా పుడుతుందో చూద్దాం. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 62 రకాల ఆహారాలు తీసుకుని, ఒక్కోదాన్ని ఐదు నుంచి పది మంది ఆరోగ్యవంతులకు పెట్టి, రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో కొలిచింది. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. రాత్రి నుంచి ఏమీ తినకుండా మనిషి పొద్దున్నే వస్తాడు. ఒంటికి పట్టే పిండిపదార్థం సరిగ్గా 50 గ్రాములు ఉండేంత ఆహారం అతనికి పెడతారు. రెండు గంటల పాటు మధ్య మధ్యలో వేలికొన పొడిచి రక్తం తీస్తారు. గ్లూకోజ్ పెరిగి తగ్గిన తీరును గీతగా గీసి, ఆ గీత కింద ఎంత వైశాల్యం ఉందో లెక్కగడతారు. ఇంకో రోజు అదే మనిషికి 50 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి మళ్లీ అదే లెక్క. గ్లూకోజ్‌కు వచ్చినదాన్ని 100 అనుకుంటే ఈ ఆహారానికి ఎంత వచ్చినట్టు? పాల్గొన్నవాళ్లందరి అంకెల సగటే గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే జీఐ. కనీసం పది మంది ఉండాలని 2010 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. సగటు 55, అంతకు తక్కువైతే ‘లో’. 70, అంతకు ఎక్కువైతే ‘హై’.

ఇందులో ఎన్ని షరతులున్నాయో గమనించండి. పరగడుపున తినాలి. అదొక్కటే తినాలి. ఏ ఆహారమైనా 50 గ్రాముల పిండిపదార్థానికి సరిపడా తినాలి. రెండు గంటల్లో లెక్క ముగియాలి. ఆ పైన పది మంది సగటు.

50 గ్రాముల షరతు సంగతే తీసుకుందాం. పుచ్చకాయ జీఐ చాలా పట్టికల్లో 70 పైనే ఉంటుంది. దాన్ని చూసి వేసవంతా పుచ్చకాయ ముట్టని షుగర్ పేషెంట్లు ఉన్నారు. కానీ వంద గ్రాముల పుచ్చకాయలో పిండిపదార్థం ఏడెనిమిది గ్రాములకు మించదు. 50 గ్రాములు కావాలంటే 650 గ్రాముల దాకా గుజ్జు తినాలి. రెండు ముక్కలు తినేవాడికి ఆ అంకెతో పనే లేదు. బియ్యం దగ్గర కథ తిరగబడుతుంది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. అంటే 65 గ్రాముల బియ్యం వండితే పరీక్షకు సరిపోతుంది. మన కంచంలో అన్నం అంతటితో ఆగుతుందా?

చిన్న లెక్క వేద్దాం. మామూలు బియ్యం జీఐ 70 అనుకుందాం, ఒకాయన పూటకు వంద గ్రాముల బియ్యం తింటాడు. 78 గ్రాముల పిండిపదార్థాన్ని 70తో హెచ్చవేసి వందతో భాగిస్తే 55 దాకా వస్తుంది. దీన్ని గ్లైసీమిక్ లోడ్ అంటారు; హార్వర్డ్ పరిశోధకులు 1997లో వాడుకలోకి తెచ్చిన లెక్క ఇది. ఇప్పుడు ఆయన జీఐ 51 ఉన్న బియ్యానికి మారి, ‘ఏం కాదులే’ అని నూటయాభై గ్రాములు తిన్నాడు. 117 గ్రాముల పిండిపదార్థం, 51తో లెక్కిస్తే 60. మంచి బియ్యానికి డబ్బు ఎక్కువ పెట్టి, లోడ్ కూడా పెంచుకున్నాడు. అంకెలో తప్పు లేదు, గరిటెతోనే తేడా వచ్చింది.

ఇక ‘అదొక్కటే తినాలి’ అన్న షరతు. వట్టి అన్నం ఎవరు తింటారు? పప్పులోని ప్రొటీన్, పీచు, పైన వేసిన నెయ్యి, ఇవన్నీ పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తిన్నా గ్లూకోజ్ పెరిగే తీరు మారుతుంది. వండి చల్లారబెట్టిన అన్నంలో కొంత పిండి గట్టిపడి, తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. అంటే ఒకే బియ్యం వేడన్నంగా ఒకలా, రాత్రి మిగిలి చద్దన్నమైతే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఎసట్లో నీళ్లెన్ని పోశారు, ఎంతసేపు ఉడికించారు, మిల్లులో ఎంత తెల్లగా పట్టించారు అన్నదాన్ని బట్టి కూడా అంకె జరుగుతుంది.

కొవ్వు వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టే జీఐ పట్టికలో తమాషాలు కనిపిస్తాయి. చాలా పట్టికల ప్రకారం ఉడకబెట్టిన ఆలుగడ్డ కంటే చిప్స్ మేలు, పుచ్చకాయ కంటే ఐస్‌క్రీమ్ మేలు. ఫ్రక్టోజ్ అనే చక్కెర జీఐ 20 చుట్టుపక్కల ఉంటుంది. మరి అదంత మంచిదా అంటే, అది రక్తంలో గ్లూకోజ్‌గా కనిపించకుండా నేరుగా కాలేయానికి పోతుంది. మోతాదు మించితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. గ్లూకోజ్ ఒక్కటే కొలిచే పరికరానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మన బియ్యాల దగ్గరకు వద్దాం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, జీఐ 51 దగ్గర ఉందన్న పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి తయారు చేసిన మెరుగుపరచిన సాంబ మసూరికి కూడా 51 దగ్గరే. సాంబ మసూరిని మెరుగుపరచడానికి పూనుకున్నది షుగర్ కోసం కాదు, బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోవాలని. జీఐ తక్కువన్న మాట తర్వాత తేలింది, ఇప్పుడు అమ్మకం దాని మీదే నడుస్తోంది. రెండూ మంచి వంగడాలే. ఇన్నాళ్లూ తిన్నంతే తింటూ వీటికి మారితే కొంత మేలు ఉండొచ్చు కూడా. ఆ ‘తిన్నంతే’ అన్న మాట మాత్రం ప్యాకెట్ మీద ఉండదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు సగటు దగ్గర ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 63 మందికి అదే తెల్లబ్రెడ్‌ను మళ్లీ మళ్లీ పెట్టి కొలిచారు. ఫలితాలు 2016లో వచ్చాయి. సగటు జీఐ 62, అంటే ‘మీడియం’. కానీ విచలనం 15, అంటే ఒక్కొక్కరి అంకెలు ఆ సగటుకు అటూ ఇటూ సుమారు అంత దూరంలో చెదిరి ఉన్నాయి. అంటే కొందరికి ఆ బ్రెడ్ ‘లో’, కొందరికి ‘హై’. మనిషికీ మనిషికీ మధ్య తేడా 25 శాతం. ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో తిన్నప్పుడు తేడా 20 శాతం. ఈ రెండోది నాకు ఎక్కువ ఆశ్చర్యం. పక్కింటాయనతో పోల్చుకోవడం అటుంచి, నిన్నటి నాతోనే నాకు పోలిక కుదరడం లేదు. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మందికి గ్లూకోజ్‌ను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సార్లు పెట్టి 46,898 భోజనాల తర్వాత గ్లూకోజ్ ఎలా నడిచిందో చూసింది. ఒకే తిండికి ఒకరికి గీత నిటారుగా లేస్తే ఇంకొకరికి కదలనే లేదు. పేగుల్లోని సూక్ష్మజీవుల మొదలు నిద్ర, నడక దాకా ఇందులో పాత్ర ఉంది.

అయితే సగటు గొడవ ఎందుకు, చేతికి సెన్సార్ అతికించుకుని నాకు నేనే కొలుచుకుంటా అనొచ్చు. ఇప్పుడు ఐటీ కారిడార్‌లో షుగర్ లేనివాళ్లు కూడా అదే చేస్తున్నారు. ఇడ్లీ తిని ఫోన్ చూసుకుని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం షుగర్ లేనివాళ్లకు ఒకేసారి రెండు కంపెనీల సెన్సార్లు పెట్టింది. ఏ భోజనం గ్లూకోజ్‌ను ఎక్కువ పెంచింది, ఏది తక్కువ అన్న వరసలో రెండు సెన్సార్లకూ మాట కలవలేదు. 2020లో వచ్చిన ఆ ఫలితం చదివాక, ఒక్క పూట రీడింగ్ చూసి ఇడ్లీ మానేయడంలో అర్థం లేదనిపించింది. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి వేరు. గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవడాన్ని పట్టుకోవడానికి ఆ పరికరం వాళ్లకు నిజంగా ఆసరా. పరికరం పుట్టిందీ అందుకే.

బాదంపప్పు తిని ఎంత మిగిలింది

కేలరీ మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు గానీ ఒక్క ఉదాహరణ చెప్పుకోవాలి. లేబుళ్ల మీద కేలరీల లెక్క 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ కట్టిన పునాది మీద నడుస్తోంది: గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9. బాదంపప్పుకు ఆ లెక్క వేస్తే 28 గ్రాములకు 170 దాకా వస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో ఇంకోలా చూశారు. మనుషులకు బాదం పెట్టి, వాళ్ల మలమూత్రాల్లో ఎంత శక్తి బయటికి పోయిందో కొలిచి తీసేశారు. ఒంటికి దక్కింది 129 కేలరీలే. మనం ఎంత నమిలినా పప్పులోని కణాల గోడలు అన్నీ పగలవు, లోపలి కొవ్వు కొంత అలాగే పోతుంది. అదే బాదంను వెన్నలా రుబ్బితే లేబుల్ లెక్కకు దగ్గరగా వచ్చింది. గింజలోని పిండిపదార్థం, ప్రొటీన్, కొవ్వులకు సగటు లెక్క కడితే ఎంత అంటే 170 సరైన జవాబే. తిన్నవాడికి ఎంత దక్కింది అన్నది మరో ప్రశ్న, దానికి జవాబు పంటిని, మిక్సీని కూడా అడగాలి.

ఐరన్‌ది కూడా ఇదే వ్యవహారం. తోటకూరలో ఇన్ని మిల్లీగ్రాములు అని పట్టికలో ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది కొద్ది శాతమే. నిమ్మకాయ పిండుకుంటే ఇంకొంచెం పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తగ్గుతుంది.

వేలికొన చుక్క

కొలిచేది తిండినైనా ఒంటినైనా చిక్కులు ఒకటే. రక్తహీనత మీద దేశంలో పదేపదే వినిపించే అంకెలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవి. 2019–21 సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. పిల్లల అంకె అంతకు ముందు సర్వేలో 58 శాతం చిల్లర. నాలుగైదేళ్లలో అంత పెరిగిందా అని అందరూ ఉలిక్కిపడ్డారు. కానీ ఆ పరీక్ష వేలికొన పొడిచి తీసిన చుక్కతో చేసేది. చుక్క సరిగా రాకపోతే వేలిని నొక్కుతారు. నొక్కితే రక్తంతో పాటు కణజాలంలోని నీరు కలిసి చుక్క పలచబడుతుంది. ఏడుస్తూ చెయ్యి లాక్కునే రెండేళ్ల పిల్లాడి దగ్గర ఇది ఎంత తేలిగ్గా జరుగుతుందో ఊహించుకోవచ్చు. 2016–18లో సమగ్ర జాతీయ పోషకాహార సర్వే సిర నుంచి రక్తం తీసి లేబొరేటరీలో పరీక్షించింది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని చెప్పింది. రెండు సర్వేల వయసు హద్దులు కాస్త వేరు, కాలమూ వేరు. అయినా తేడాలో పెద్ద పాత్ర రక్తం తీసిన తీరుదేనని చాలామంది నిపుణుల మాట. చివరికి కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి ఈ పరీక్షను తీసేసి, సిర రక్తంతో కొలిచే వేరే సర్వేను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. 41 శాతమైనా తక్కువేం కాదు, సమస్య లేదని ఎవరూ అనడం లేదు. ఎంత ఉందో, పెరుగుతోందో తగ్గుతోందో తెలియాలంటే చుక్క ఎక్కడిదో కూడా తెలియాలి కదా.

సరే, హిమోగ్లోబిన్ కచ్చితంగా కొలిచామనే అనుకుందాం. అది తక్కువ ఉందని చెబుతుంది, ఎందుకు తక్కువ ఉందో చెప్పదు. ఐరన్ లోపమా, బీ12 లోపమా, ఫోలేటా, నులిపురుగులా, తలసీమియా లక్షణమా? ఐరన్ నిల్వలు చూద్దామని ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే, జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తనే పెరుగుతుంది. నిల్వలు ఖాళీగా ఉన్నా నార్మల్ అని రిపోర్టు వస్తుంది. ఇంకో ముడి చూడండి. షుగర్‌కు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్రకణాల మీద పేరుకున్న చక్కెరను కొలుస్తుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడింది. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో గ్లూకోజ్ పెరగకపోయినా ఆ అంకె కాస్త ఎక్కువగా రావచ్చు. రక్తకణాలు తొందరగా చితికిపోయే జబ్బులుంటే తక్కువగా వస్తుంది. సగం మందికి రక్తహీనత ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. లక్షణాలేమీ లేనివాళ్లకు ఒక్క రిపోర్టుతో షుగర్ అని ముద్ర వేయకుండా రెండో పరీక్షతో నిర్ధారించుకోవాలని వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇలాంటి కారణాల వల్లే. రిపోర్టులో ఎర్రటి బాణం గుర్తు చూడగానే గుండె జారిపోవడం సహజం. ఆ రోజు జ్వరముందా, పరగడుపున వెళ్లారా, ముందు రోజు పెళ్లిభోజనమా అన్నది డాక్టర్ అడక్కపోతే మీరే చెప్పాలి.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కుండలో మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి చాలు. మనిషి ఒంట్లో నిన్నటి రోజూ ఇవాళ్టి రోజూ అలా ఒకే ఎసట్లో ఉడకవు. అయొడిన్ పరీక్షలో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. తిన్న అయొడిన్‌లో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది, కాబట్టి మూత్రంలో అయొడిన్ చూస్తే తిండిలో ఎంత ఉందో తెలుస్తుంది. కానీ ఒక మనిషిలో అది పూటపూటకూ మారిపోతుంది. ఒక్కరి ఒక్క సీసా మూత్రం చూసి అతనికి లోపం ఉందో లేదో చెప్పలేం. అదే ఒక జిల్లాలో కొన్ని వందల మంది పిల్లల నుంచి ఒక్కో సీసా తీసుకుని, మధ్యలో పడ్డ అంకె లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటిందా అని చూస్తే, ఆ జిల్లా ఉప్పులో అయొడిన్ సరిపోతోందో లేదో నమ్మకంగా చెప్పొచ్చు. మనిషికి పనికిరాని కొలత ఊరికి పనికొస్తుంది. ‘నిన్న ఏం తిన్నారమ్మా’ అని ఇల్లిల్లూ తిరిగి అడిగే ఆహార సర్వేలదీ ఇదే పరిస్థితి. నిన్న ఆ ఇంట్లో చుట్టాలొచ్చి ఉండొచ్చు, కూర నూనె ఎంత పోశారంటే ‘ఓ గరిటెడు’ అనే జవాబు రావొచ్చు. వేల ఇళ్ల మీద ఆ తప్పులు కొంతవరకు సర్దుకుంటాయి, ఒక్క ఇంటి మీద సర్దుకోవు.

ఒక నైట్రోజన్, ఒక లోటు

1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ లేబొరేటరీలో యోహాన్ కెల్డాల్ ఒక పద్ధతి కనిపెట్టాడు. ధాన్యాన్ని ఆమ్లంలో మరిగించి అందులో నైట్రోజన్ ఎంతో తేల్చడం. ప్రొటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం ఉంటుంది కాబట్టి, వచ్చినదాన్ని 6.25తో హెచ్చవేస్తే ప్రొటీన్. ప్రొటీన్‌ను నేరుగా కొలవడం కష్టం, ఇది తేలిక. అందుకే నూటనలభై ఏళ్లుగా లేబుళ్ల మీద ప్రొటీన్ లెక్కల్లో చాలావరకు ఈ దారిలోనే వస్తున్నాయి. నైట్రోజన్ ప్రొటీన్ నుంచే వచ్చిందా అని మాత్రం ఆ పరీక్ష అడగదు. చైనాలో పాలలో నీళ్లు కలిపినవాళ్లకు ఈ కిటుకు దొరికింది. ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే మెలమైన్ బరువులో మూడింట రెండొంతులు నైట్రోజనే. చిటికెడు కలిపితే పలచని పాలు పరీక్షలో చిక్కగా తేలాయి. 2008లో ఆ పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలకు మూత్రపిండాల జబ్బులు వచ్చాయి, ఆరుగురు చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది.

మోసం లేని చోట కూడా ప్రొటీన్ అంకె మనుషుల్ని పక్కదారి పట్టించింది, అదీ ఐక్యరాజ్యసమితి స్థాయిలో. 1950లు, 60ల్లో పేద దేశాల పిల్లల్లో కాళ్లూ మొహం ఉబ్బే క్వాషియార్కర్‌ను చూసి, ప్రపంచానికి ‘ప్రొటీన్ లోటు’ ఉందని తీర్మానించారు. చేపల పొడి దగ్గర్నుంచి రకరకాల ప్రొటీన్ పొడులు తయారు చేయడానికి డబ్బు కుమ్మరించారు. పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, హైదరాబాద్ పోషకాహార సంస్థలో ఆయన సహచరులు మాత్రం పిల్లలు తింటున్నది చూశారు. ఉబ్బిపోయే క్వాషియార్కర్ వచ్చిన పిల్లల తిండికీ, ఎముకల గూడుగా మిగిలే మరాస్మస్ వచ్చిన పిల్లల తిండికీ ప్రొటీన్‌లో తేడా లేదు. అందరికీ తిండే చాలడం లేదు. అన్నం, పప్పు ఆకలి తీరేంత దొరికితే ప్రొటీన్ కూడా చాలావరకు అందులోనే వస్తుంది. ప్రొటీన్‌ను కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు; వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు, పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్‌ను బియ్యం పూరిస్తాయి. తిండి చాలనప్పుడు మాత్రం ఉన్న ప్రొటీన్‌ను కూడా ఒళ్లు కట్టెల్లా కాల్చేసుకుంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు రోజుకు 310 కేలరీలు, అందులో 3 గ్రాములే ప్రొటీన్ ఉండే అదనపు తిండి పద్నాలుగు నెలల పాటు పెట్టి చూశారు. పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. ఆ ఫలితం 1973లో అచ్చయింది. అదే ఏడు ఐరాస సంస్థలు ప్రొటీన్ అవసరపు అంకెను తగ్గించాయి, దాంతో ప్రపంచ ప్రొటీన్ లోటు చాలావరకు కాగితం మీదే మాయమైంది. ఇప్పుడు జిమ్‌ల దగ్గర డబ్బాల్లో అమ్ముతున్న భయం కూడా కొంత ఆ పాత భయానికి చుట్టమే. ముసలివాళ్లకు, జబ్బు నుంచి కోలుకునేవాళ్లకు ప్రొటీన్ మీద శ్రద్ధ అవసరమే, కాదనను.

జొన్నరొట్టె, నయాసిన్

ఇదే హైదరాబాద్ పోషకాహార సంస్థ చేతికి చిక్కిన ఇంకో చిక్కుముడి ఉంది. నాకు వీటన్నిటిలో ఇష్టమైనది ఇదే.

1918లో కూనూరులో బీ1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక గదిలో మొదలైన పని, 1958లో హైదరాబాద్‌ తార్నాకకు వచ్చింది. తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లో హైదరాబాద్ ఆస్పత్రులకు పెల్లాగ్రా రోగులు వచ్చేవాళ్లు. మెడ చుట్టూ కంటెలా, చేతుల మీద, పాదాల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. పెల్లాగ్రా నయాసిన్ అనే విటమిన్ లోపంతో వస్తుందని అప్పటికే తెలుసు. అమెరికా దక్షిణాదిలో మొక్కజొన్న తిని బతికే పేదలకు వచ్చింది కూడా ఇదే. ఇక్కడ వస్తున్నవాళ్లు మొక్కజొన్న తినేవాళ్లు కారు. దక్కను మెట్టనేలల నుంచి వచ్చిన కూలీలు, మూడు పూటలా జొన్నరొట్టె, జొన్న సంకటి తినేవాళ్లు. అంతే పేదరికంలో బియ్యం తినేవాళ్లకు ఈ జబ్బు దాదాపు రాదు.

పట్టిక తీసి చూస్తే మతి పోతుంది. వంద గ్రాముల జొన్నల్లో నయాసిన్ 3.1 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 1.9. ఆ సంస్థ స్వయంగా అచ్చువేసిన అంకెలివి. లోపం రావాల్సింది బియ్యం తినేవాళ్లకు, వస్తున్నది జొన్న తినేవాళ్లకు. ఒళ్లు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నయాసిన్‌ను తయారు చేసుకుంటుంది, సుమారు 60 మిల్లీగ్రాముల నుంచి ఒక మిల్లీగ్రాము. పోనీ అది తక్కువా అని చూస్తే జొన్నలో మొక్కజొన్నలో ఉన్నంత కొరత లేదు.

గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య అప్పుడు పట్టికలో ఇంకో గడి వైపు చూశారు. జొన్నకూ మొక్కజొన్నకూ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? లూసిన్ అనే అమైనో ఆమ్లం రెండిటిలోనూ చాలా ఎక్కువ. లూసిన్ మించితే ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారికి అడ్డం పడుతుందేమో అన్నది వాళ్ల ఊహ. 1960లో లాన్సెట్ పత్రికలో దాన్ని బయటపెట్టారు. ఉన్నదెంత అని కొలిచే శాస్త్రంలో ఇది కొత్త మాట. ఒక పోషకం చాలకపోవడానికి కారణం ఇంకో పోషకం ఎక్కువ కావడం. నయాసిన్ గడి ఒక్కటే ఎన్నిసార్లు కొలిచినా ఈ ఊహ పుట్టేది కాదు.

అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. కొందరి జంతు ప్రయోగాల్లో లూసిన్ ప్రభావం కనిపించింది, కొందరివాటిలో కనిపించలేదు. విటమిన్ బీ6 పాత్ర ఉందని హైదరాబాద్ పరిశోధకులే తర్వాత చూపించారు. ధాన్యాల్లో నయాసిన్ అరగని రూపంలో బంధించి ఉంటుందన్న వాదన మరో పక్క. లూసిన్ తక్కువ ఉండే జొన్న రకాల కోసం కూడా వెతికారు. ఈలోగా నీళ్లు వచ్చిన చోట వరి వేశారు, 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం రేషన్ దుకాణాలకు వచ్చింది, తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టె తగ్గింది, కంచంలోకి మిగతావీ కొన్ని చేరాయి. పెల్లాగ్రా రోగులు తగ్గుతూ తగ్గుతూ ఆస్పత్రుల్లో దాదాపు కనిపించకుండా పోయారు. లూసిన్ వాదన అప్పటికింకా తేలలేదు. ఇప్పుడు పప్పు, పాలు, గుడ్డు తినే ఇళ్లలోకి జొన్నరొట్టె డైట్‌గా తిరిగి వచ్చింది. అదే జొన్న, అదే 3.1, అదే లూసిన్. ఈసారి ఎవరికీ మెడ చుట్టూ చర్మం నల్లబడటం లేదు.